పేరు జాబితాలో ఉంది, ఇల్లు కూలగొట్టమంటారా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌లో పని చేస్తున్నాను, జీతం 22 వేలు. నాన్న చనిపోయి ఆరేళ్లయింది. అమ్మ ఊళ్లోనే బీడీలు చేసుకుంటూ ఉంటోంది. మా పెంకుటిల్లు వానొస్తే నాలుగు చోట్ల కురుస్తుంది. ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో అమ్మ పేరు ఉందని గ్రామసభలో చదివారు. అప్పటి నుంచి మేస్త్రీ రోజూ ఫోన్ చేసి ‘పాతిల్లు కూలగొట్టండి, వానలు పడేలోపు బేస్‌మెంట్ లేపుదాం’ అంటున్నాడు. ఊళ్లో ఒకాయన రెండు రూపాయల మిత్తికి 3 లక్షలు ఇస్తానన్నాడు. ఇంటి జాగ కాగితాలు మాత్రం తన దగ్గర పెట్టుకుంటాడట. పక్కింటివాళ్లు ఇప్పటికే కూలగొట్టుకుని రేకుల కింద ఉంటున్నారు. నాకు ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కూలగొట్టమంటారా, వద్దంటారా? ఇంకో మాట. మా వాడకు రోడ్డు లేదు, మోరీ లేదు. ఒక్కో ఇంటికి 5 లక్షలు ఇచ్చే ప్రభుత్వం ముప్పై ఇళ్ల వాడకు ఒక రోడ్డు ఎందుకు వేయలేకపోతోంది? చివరగా, వాకిట్లో వేపచెట్టు కొట్టొద్దని అమ్మ పట్టుబడుతోంది, కొట్టాల్సిందేనని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. ఇప్పుడే కూలగొట్టకండి. కురిసే ఇల్లయినా సరే, అమ్మ నెత్తి మీద ఈ రోజు ఉన్న కప్పు అదొక్కటే. ఇల్లు వద్దని నేను అనడం లేదు. తప్పకుండా కట్టుకోవాలి, ఈ అవకాశం వదులుకోకూడదు. కానీ మేస్త్రీ చెప్పిన వరసలో కాదు, డబ్బు వచ్చే వరసలో కట్టుకోవాలి.

గ్రామసభలో పేరు చదవడం వేరు, ఇల్లు మంజూరు కావడం వేరు, డబ్బు ఖాతాలో పడటం వేరు. మన పల్లెల్లో ఈ మూడింటినీ కలిపి ‘ఇల్లొచ్చింది’ అనేస్తాం. అక్కడే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. 2023 డిసెంబర్ చివర్లో ప్రజాపాలన సభల్లో దరఖాస్తులు తీసుకున్నారు, మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఇంటింటికీ వచ్చి యాప్‌లో వివరాలు ఎక్కించి, దరఖాస్తులను మూడు జాబితాలుగా విడగొట్టారు. సొంత జాగ ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగ కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. మీ అమ్మగారికి జాగ ఉంది, ఉన్నది పెంకుటిల్లు కాబట్టి ఆమె పేరు ఎల్-1లోనే ఉండాలి. అయితే ఎల్-1లో ఉండటం అంటే అర్హత ఉన్నట్టు మాత్రమే. మంజూరు అయినట్టు కాదు. మంజూరైతే అమ్మ పేరు మీద ఒక పత్రం ఇస్తారు, ఊళ్లో దాన్ని ప్రొసీడింగ్ అంటారు. ఆ కాగితం అమ్మ చేతిలో పడిందా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. పక్కింటివాళ్ల చేతిలో ఉందో లేదో కూడా కనుక్కోండి. లేకపోతే వాళ్లు రేకుల కింద ఎన్ని నెలలు ఉండాలో ఎవరూ చెప్పలేరు.

పేరుకీ మంజూరుకీ మధ్య ఇంత దూరం ఎందుకని మీరు అడగొచ్చు. ఈ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. నియోజకవర్గానికి 3,500 చొప్పున మొదటి విడతలో మొత్తం 4.5 లక్షల ఇళ్లు, ఒక్కో ఇంటికి 5 లక్షలు అన్నారు. కాగితం మీద లెక్క కట్టండి. 22,500 కోట్లవుతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో పెట్టిన మధ్యంతర బడ్జెట్‌లో ఇందిరమ్మ ఇళ్లకు కేటాయించింది 7,740 కోట్లు. అది మొత్తం ఖర్చు పెట్టినా లక్షన్నర ఇళ్ల పైచిలుకు మాత్రమే పూర్తవుతాయి. ఎవరో మోసం చేశారని చెప్పడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఇంత పెద్ద పని ఏ రాష్ట్రంలోనైనా మూడు నాలుగు బడ్జెట్ల మీదుగా నడుస్తుంది. మీ అమ్మగారి ఇల్లు అందులో ఏ బడ్జెట్ వంతుకు వస్తుందన్నదే మీకు ముఖ్యం. అది తెలియకుండా గోడ మీద గునపం వేయకూడదు.

బడ్జెట్‌లో రాసినంత మాత్రాన ఆ డబ్బు పెట్టెలో ఉన్నట్టు కూడా కాదు. ప్రభుత్వానికి నెలనెలా వచ్చేది జీఎస్టీ, మద్యం మీద పన్ను, పెట్రోలు మీద వ్యాట్, రిజిస్ట్రేషన్ ఫీజులు, కేంద్రం వసూలు చేసే పన్నుల్లో మన వాటా. చాలని దానికి అప్పు. మంగళవారాల్లో రిజర్వు బ్యాంకు వేలం పెడుతుంది, అందులో రాష్ట్రాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. మన ఇంట్లో చిట్టీ ఎత్తుకుని కరెంటు బిల్లు కట్టినట్టే ఇది. వచ్చిన దాంట్లోంచి ముందు జీతాలు, పింఛన్లు, పాత అప్పుల మిత్తి పోవాలి. మిగిలిన దాన్ని బట్టి ఆర్థికశాఖ ఏ శాఖకు ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. అందుకే బిల్లు మండలంలో సిద్ధమైనా ఒక్కోసారి పైన ఆగుతుంది. మండల ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మీద అరిస్తే ఆ డబ్బు రాదు. అతని చేతిలో ఉన్నది ఫోటో తీసి పంపడం వరకే.

కేంద్రం ఇవ్వదా అంటారేమో. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు పల్లెల్లో ఒక ఇంటికి లెక్క కట్టేది 1.20 లక్షలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 72 వేలు. మిగతాది రాష్ట్రమే వేసుకోవాలి. అంటే 5 లక్షల ఇంట్లో కేంద్రం నుంచి వచ్చే వాటా కలిసినా, భారమంతా దాదాపు రాష్ట్రం మీదే ఉంటుంది.

ఈ 72 వేలు అనే అంకెను కాసేపు గుర్తుంచుకోండి. ఊళ్లో ఆయన ఇస్తానన్న 3 లక్షల దగ్గరికి వద్దాం. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు. 3 లక్షలకు నెలకు 6 వేలు. ఏడాదికి 72 వేలు. కేంద్రం ఒక ఇంటికి ఇచ్చే వాటా ఎంతో, ఆయనకు మీరు ఏడాదిలో కట్టే మిత్తి అంత. అసలు అలాగే ఉంటుంది. మీ జీతం 22 వేలు. రూమ్ కిరాయి, తిండి, బస్సు పోను మీకు మిగిలేది ఎంతో నాకు తెలియదు గానీ, అందులోంచి నెలకు 6 వేలు తీయడం అంటే ఇంటికి పంపే డబ్బు ఆగిపోవడమే. పైగా జాగ కాగితాలు ఆయన దగ్గర. ఆ కాగితాలే మీ అమ్మగారి అర్హత. ఆ జాగ మీద తగాదా వచ్చిందంటే ఇల్లూ పోతుంది, పథకమూ పోతుంది. ఆ అప్పు వద్దు తమ్ముడూ. ఎంత మంచి మనిషైనా సరే, కాగితాలు ఇవ్వొద్దు.

మరి బేస్‌మెంట్‌కు డబ్బు ఎక్కడిది? నిజమైన చిక్కు ఇక్కడే ఉంది. ప్రభుత్వం నాలుగు విడతల్లో ఇస్తుంది, కానీ ప్రతి విడతా పని అయ్యాకే. బేస్‌మెంట్ లేచాక మొదటి లక్ష. గోడలు లేచాక, స్లాబ్ పడ్డాక, అంతా పూర్తయ్యాక మిగతాది. అంటే మొదటి లక్ష రూపాయల పని మీరే మీ చేతి డబ్బుతో చేయించాలి. ఆ లక్ష ఖాతాలో పడ్డాక దాంతో గోడలు లేపాలి. ఒక్క లక్ష చేతిలో ఉంటే అదే తిరుగుతూ ఉంటుంది. ఆ లక్ష లేనివాళ్లే వడ్డీవ్యాపారి గడప తొక్కుతున్నారు. మీకు కావాల్సింది 3 లక్షలు కాదు, ఆ తిరిగే లక్ష ఒక్కటే.

మీ అమ్మగారు మహిళా సంఘంలో ఉన్నారా? బీడీలు చేసే ఆడవాళ్లు చాలామంది సంఘాల్లో ఉంటారు కాబట్టి ఆమె కూడా ఉండే ఉంటారు. బేస్‌మెంట్ మొదలుపెట్టలేని ఇందిరమ్మ లబ్ధిదారులకు సంఘం ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించే ఏర్పాటు ప్రభుత్వం చేసింది. సంఘం లెక్కలు రాసే ఆమెను అడగండి. సంఘంలో అమ్మకు పాత బాకీ ఎంతుందో, కొత్తగా ఎంత వస్తుందో ఆమె రిజిస్టర్ తీసి చెబుతుంది. బ్యాంకు వాళ్లు అడిగే మిత్తికీ రెండు రూపాయల మిత్తికీ పోలికే లేదు. అక్కడ కుదరకపోతే మీ పీఎఫ్ ఖాతాలో ఎంతుందో చూసుకోండి. ఇల్లు కట్టుకోవడానికి పీఎఫ్ నుంచి కొంత తీసుకునే వీలుంది, అమ్మ పేరు మీద ఉన్న జాగకు అది వర్తిస్తుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. అమ్మ మెడలో ఉన్నది అమ్మొద్దు. కుదువ పెట్టాల్సి వస్తే బ్యాంకులోనే పెట్టండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ఇందిరమ్మ పథకం వచ్చినప్పటి నుంచీ నేను పల్లెల్లో ఇళ్ల పనుల చుట్టూ తిరుగుతున్నాను. అప్పటి ఒక ఇల్లు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. పాతిల్లు పూర్తిగా తీసేశారు. కొత్త గోడలు లెంటల్ దాకా లేచాయి. అక్కడ బిల్లు ఆగింది. కొలతలు రాసుకున్న మనిషికి బదిలీ అయింది, కొత్తగా వచ్చినాయన మళ్లీ కొలవాలన్నాడు, ఈలోగా ఆ ఏడాది డబ్బు అయిపోయిందన్నారు. మరుసటి ఏడాది ఎన్నికలు. ఆ ఇంటావిడ కిటికీల చోట యూరియా సంచులు విప్పి, కుట్టి, తెరల్లా వేలాడదీసింది. పైన టార్పాలిన్. లెంటల్ మీద ఇటుకల సందులో రావి మొక్క మొలిచింది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ మొక్క కొంచెం పెద్దదవుతూ ఉండేది. ‘దాన్ని పీకెయ్యమ్మా, గోడ పగులుతుంది’ అంటే ఆమె ‘రావి గదా సారూ, ఎట్ల పీకుత’ అంది. తెలంగాణ వచ్చాక 2014లో పాత ఇందిరమ్మ ఇళ్ల అక్రమాల మీద సీఐడీ విచారణ పెట్టారు. దొంగ బిల్లులు తిన్నవాళ్లు దొరకాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ విచారణ పేరుతో నిజంగా గోడలు లేపి ఎదురుచూస్తున్నవాళ్ల బిల్లులు కూడా ఆగిపోయాయి. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, సగం ఇల్లు మాత్రం సగంగానే మిగిలిపోతుంది. ఆమె నా మాట విని ఒక గది పాతిల్లు ఉంచుకుని ఉంటే ఆ ఏడేళ్లూ టార్పాలిన్ కింద గడిచేవి కావు. నిజానికి ఆ మాట నేను ఆమెకు సమయానికి చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇక చేయాల్సింది. ముందు మంజూరు పత్రం. అది రాగానే పంచాయతీ కార్యదర్శిని, హౌసింగ్ ఏఈని జాగ దగ్గరికి పిలిపించి చూపించండి. కొత్త ఇల్లు పాతింటి పక్కన ఖాళీ జాగలో పట్టేట్టుంటే అంతకంటే అదృష్టం లేదు. పాతిల్లు అలాగే ఉంచి, కొత్తింట్లో పాలు పొంగించాకే దాన్ని తీయొచ్చు. పాత గోడకు ఆనించి కడితే మాత్రం అభ్యంతరం చెబుతారు. ఇది పాతింటికి చేర్పు కాదు, విడిగా నిలబడే ఇల్లు కావాలి. జాగ చాలకపోతే పెంకుటింట్లో గట్టిగా ఉన్న ఒక గది, వీలైతే వంటిల్లు, వదిలేసి మిగతా భాగం తీయండి. తీసేటప్పుడు మనుషులను పెట్టి నిదానంగా దించండి, జేసీబీ వద్దు. దూలాలు, వాసాలు, మంచి పెంకులు, తలుపులు అమ్ముడుపోతాయి, లేదా సెంట్రింగ్‌కీ దర్వాజాలకూ పనికొస్తాయి. జేసీబీ వస్తే గంటలో పని అయిపోతుంది, అన్నీ తుక్కయిపోతాయి.

కొలతల దగ్గర మొహమాట పడొద్దు. ఈ పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆగుతుంది, ఇప్పటికే చాలామందికి ఆగింది. మీ మేస్త్రీ తప్పకుండా ‘ఎలాగూ కడుతున్నాం గదా, ఇంకో గది వేద్దాం, రేపు మీ పెళ్లయితే కావాలి’ అంటాడు. వినొద్దు. అమ్మకు, మీకు ఒక గది, ఒక హాలు, వంటగది, బాత్రూమ్. 420, 450 అడుగుల్లో సుఖంగా కుదురుతుంది. మెట్లకు చోటు వదిలి, పిల్లర్లు మాత్రం పై అంతస్తును తట్టుకునేలా ఏఈ చెప్పినట్టు వేయించండి. పెళ్లయ్యాక, జీతం పెరిగాక పైన వేసుకోవచ్చు.

మేస్త్రీతో గుత్త మాట్లాడేటప్పుడు మొత్తం ఇంటికి ఒకే అంకె మాట్లాడొద్దు. బేస్‌మెంట్‌కు ఇంత, గోడలకు ఇంత, స్లాబ్‌కు ఇంత, గిలాబుకు ఇంత అని విడివిడిగా, ప్రభుత్వ బిల్లులు పడే దశలకు సరిగ్గా సరిపోయేలా కాగితం మీద రాసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్సు అడిగితే ఆ దశ కూలిలో మూడో వంతు మించి ఇవ్వొద్దు. సిమెంటు, స్టీలు, కంకర మీరే కొనండి. ఇసుక ఈ ఇళ్లకు ఉచితం, ట్రాక్టర్ కిరాయి మీది. కూపన్ తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది, దాన్ని అమ్మ చేతికే తీసుకోమనండి. ఒక కూపన్ మీద రెండు ఇళ్లకు ఇసుక పోయిన కథలు నేను చాలా చూశాను.

బేస్‌మెంట్ పూర్తయిన రోజు ఎవరైనా దగ్గర ఉండాలి, వీలైతే మీరే సెలవు పెట్టి వెళ్లండి. ఫోటో ఎలా తీస్తారో చెబుతాను. అధికారి ఫోన్‌లో యాప్ తెరుస్తాడు. అమ్మను బేస్‌మెంట్ ముందు నిలబెడతాడు. ఆ జాగ ఎక్కడుందో ఫోన్ తీసుకుంటుంది. పునాదికి ముగ్గు పోసిన రోజు తీసిన చోటు, ఈ రోజు తీసిన చోటు కలవాలి. సిగ్నల్ లేక, ఎండలో తెర కనపడక, పక్కింటి జాగలో నిలబడి నొక్కేస్తే తర్వాత అది సరిపోదు. ఆ పొరపాటు సరిచేయడానికి మండలం చుట్టూ వారాలు తిరగాలి. ఎక్కించాక తెర మీద కనిపించిన వివరాలను మీ ఫోన్‌లో ఇంకో ఫోటో తీసుకోండి. అమ్మ బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించి ఉందో లేదో కూడా ఇప్పుడే బ్యాంకుకు వెళ్లి చూసుకోండి. డబ్బు పడేది ఆధార్‌తో కలిసిన ఖాతాలోనే. ఆమెకు రెండు ఖాతాలుంటే ఏ దాంట్లో పడుతుందో ముందే తెలుసుకోవాలి. బేస్‌మెంట్ బిల్లు పడే దాకా గోడలు మొదలుపెట్టొద్దు. వారం ఆగినా, నెల ఆగినా సరే. బేస్‌మెంట్ వానకు తడిస్తే ఏమీ కాదు, ఇంకా గట్టిపడుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అడిగారు. ఇంటికి 5 లక్షలు ఇచ్చే ప్రభుత్వం వాడకు రోడ్డు ఎందుకు వేయదు?

ఎందుకంటే ఆ రెండు డబ్బులూ ఒకే సంచిలోంచి రావు. ఇంటి డబ్బు గృహనిర్మాణ శాఖది. రోడ్డూ మోరీ పంచాయతీరాజ్ శాఖవి, మీ గ్రామ పంచాయతీవి. మీ ఇంటి ఫోటో తీసే హౌసింగ్ ఏఈకి మీ వాడ రోడ్డుతో సంబంధం లేదు. ఇదే ఇంటిని ప్రభుత్వమే కాలనీగా కట్టి ఉంటే లెక్క వేరుగా ఉండేది. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లనే తీసుకోండి. 560 చదరపు అడుగుల ఇల్లు, పల్లెల్లో ఇంటికి 5.04 లక్షలు. దాని మీద రోడ్లు, నీళ్లు, మోరీలు, కరెంటు కోసం ఇంటికి 1.25 లక్షలు విడిగా పెట్టారు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. అక్కడ లోపలి రోడ్లు, మురుగునీటి శుద్ధి అన్నీ ప్లాన్‌లోనే ఉన్నాయి. అదే పథకంలో చాలా చిన్న ఊళ్లలో ఇళ్లు లేచి, నీటి పైపు రాక, రోడ్డు పడక, ఏళ్ల తరబడి తాళాలేసి ఉండిపోయాయి. ఆఖరికి కిటికీ రెక్కలు, స్విచ్‌బోర్డులు పోయాయి. అంటే డబ్బు విడిగా కేటాయించినా, ఇల్లు పూర్తయ్యే తేదీ, నీళ్లొచ్చే తేదీ కలవకపోతే ఆ ఇల్లు ఇల్లు కాదు. నా మట్టుకు నాకు మన రాష్ట్రంలో గృహనిర్మాణానికి ఉన్న పెద్ద లోటు డబ్బు కంటే ఇదే అనిపిస్తుంది. శాఖలు ఒకరి క్యాలెండర్ ఒకరు చూసుకోవు.

సొంత జాగలో కట్టుకునే పథకంలో ఆ 1.25 లక్షల లాంటి వాటా లేదు. ఊరు ఎలాగూ ఉంది, రోడ్డు ఎలాగూ ఉంటుందన్నది లెక్క. కానీ ఊళ్లలో కొత్తగా ఇళ్లు లేచేది ఎక్కువగా మీలాంటి అంచు వాడల్లోనే. అక్కడ రోడ్డు ఉండదు.

పంచాయతీ డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. పల్లెల్లో మీకు కనిపించే సీసీ రోడ్లు చాలావరకు ఉపాధి హామీలో సామగ్రి కింద వచ్చిన డబ్బుతో వేసినవే. దాంతోపాటు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం కాలంలో అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టు పెట్టారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా మన పంచాయతీల్లో సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారులే ఉన్నారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంట్లు ఇవ్వరు. దాదాపు రెండేళ్లు ఆ దారి మూసుకుపోయింది. అంతకుముందు సొంత డబ్బు పెట్టి పనులు చేయించిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం రోడ్డెక్కారు, మీరూ వార్తల్లో చూసే ఉంటారు. ఇప్పుడు సర్పంచి ఉన్నారు. అడగడానికి ఇదే సమయం.

అడిగే పద్ధతి మాత్రం ‘మాకు రోడ్డు కావాలి’ అని కాదు. మీ ముప్పై ఇళ్లలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవాళ్లు ఎంతమందో రాయండి. వాడ పొడవు టేపు పెట్టి కొలవండి. వానొస్తే నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో, ఎక్కడ నిలుస్తాయో ఒక తెల్ల కాగితం మీద గీయండి. గ్రామసభలో ఇది చదివించి, ముందు మోరీ, తర్వాత రోడ్డు అని తీర్మానం రాయించండి. ఆ వరస తప్పకూడదు. తీర్మానం నకలు తీసుకుని మండలంలో పంచాయతీరాజ్ ఏఈకి ఇచ్చి అంచనా వేయించండి. అంచనా లేని పనికి ఎమ్మెల్యే నిధి గానీ ఇంకో నిధి గానీ అడగలేరు. అంచనా చేతిలో ఉంటే ఏ నిధి వచ్చినా ముందు మీ వాడే లైన్‌లో ఉంటుంది. ఎవరూ పలకకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన దగ్గర గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘మా వాడ మోరీ అంచనా ఏ దశలో ఉంది, ఏ పద్దు కింద పెట్టారు’ అని రెండే ప్రశ్నలు అడగండి. పేజీలు పేజీలు అడిగితే జవాబు కూడా అలాగే చుట్టూ తిరుగుతుంది.

మోరీ ముందు ఎందుకని అంత పట్టుబట్టానో ఇది చదివితే తెలుస్తుంది, మీ ఇంటికి కూడా ఇదే ముఖ్యం. నాకు తెలిసిన ఒక ఊళ్లో ఇళ్లన్నీ ఒకప్పుడు వీధికంటే మూడు మెట్లు ఎత్తులో ఉండేవి. మొదట మట్టి రోడ్డు. తర్వాత దాని మీద మొరం. తర్వాత సీసీ. కొన్నేళ్లకు అది పగిలిందని, తవ్వి తీయకుండా దాని మీదే ఇంకో సీసీ. ప్రతిసారీ జానెడు పెరిగింది. మోరీ మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు ఆ ఇళ్లకు ఒక్క మెట్టే మిగిలింది. ఒక ముసలాయన గడప ముందు ఇటుకలు పేర్చి సిమెంటు గట్టు కట్టుకున్నాడు, వానాకాలంలో రోడ్డు నీళ్లు ఇంట్లోకి రాకుండా. ఇంటికి ఖర్చు పెట్టింది ప్రభుత్వమే, రోడ్డుకు ఖర్చు పెట్టిందీ ప్రభుత్వమే. ఆ రెంటి మధ్యా ఆ గట్టు మాత్రం ఆయనే కట్టుకోవాల్సి వచ్చింది.

అందుకని ముగ్గు పోసే రోజు ఏఈని అడగండి, రేపు మా వాడకు రోడ్డు వస్తే ఏ ఎత్తులో వస్తుందని. దగ్గర్లో ఉన్న సీసీ రోడ్డు చివర నుంచి ట్యూబ్ లెవెల్ పట్టించండి. నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం అది, మేస్త్రీ దగ్గర ఉంటుంది. ఆ లెవెల్‌కు రెండు అడుగులకు తగ్గకుండా పైన బేస్‌మెంట్ వచ్చేలా చూసుకోండి. కొంచెం మట్టి ఎక్కువ పడుతుంది, అంతే. స్లాబ్ పడ్డాక ఇంటిని ఎత్తలేం.

వేపచెట్టు విషయంలో నేను అమ్మవైపే. 450 అడుగుల ఇల్లు కట్టడానికి చెట్టు కొట్టాల్సిన పని లేదు. ఇంటిని వెనక్కి జరిపి, వంటగదిని చెట్టుకు దూరంగా ఉన్న మూలకు తిప్పితే సరిపోతుంది. పునాదికీ మొదలుకూ మధ్య వీలైనంత చోటు వదలమనండి, ఇంటి మీదికి వచ్చే కొమ్మలు మాత్రం కొట్టించండి. పని జరిగే ఐదారు నెలలూ అమ్మ బీడీలు చేసుకోవడానికి కూర్చునేది ఆ చెట్టు నీడలోనే. సిమెంటు బస్తాలు దించేదీ అక్కడే. మంజూరు పత్రం రాగానే దాని ఫోటో, మేస్త్రీ రాసిచ్చిన గుత్త కాగితం ఫోటో నాకు పంపండి, చూసి చెబుతాను.